హోల్టర్ రిపోర్టులో 192 అని ఉంటే భయపడాలా? పిల్లల గుండె వేగం గురించి కొంచెం వివరంగా

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా మళ్లీ రాస్తాను. ఇలాంటి రిపోర్టే చేతిలో పట్టుకుని కంగారుపడుతున్న మిగతా తల్లిదండ్రులకి కూడా పనికొస్తుంది. మీ బాబుకి ఏడేళ్లు. కొన్ని నెలలుగా, వారం పది రోజులకోసారి "అమ్మా, గుండె గబగబా కొట్టుకుంటోంది" అంటున్నాడు. 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని రోజంతా ఈసీజీ రికార్డు చేసే పరికరం, పెట్టించారు. రిపోర్టులో గరిష్ఠ వేగం 192 అని, టాకీకార్డియా (గుండె మరీ వేగంగా కొట్టుకోవడం) 9 శాతం అని, 5 బీట్ల ఎస్‌వీటీ (హఠాత్తుగా వేగం పెరిగే ఒక లయ సమస్య) ఒక్కసారి కనబడిందని ఉంది. చివర్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని రాశారు. అంతకుముందు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మానిటర్ రాత్రంతా మోగడం మీరింకా మరిచిపోలేదు. ఇది ప్రమాదమా, స్మార్ట్ వాచ్ పెట్టాలా, నాలుగు నెలల చెల్లికి కూడా ఇలా వస్తే ఎలా తెలుస్తుంది అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా పిల్లల గుండె లయ సమస్యలే చూస్తున్న డాక్టర్ని. బాబుని చూడకుండా, స్ట్రిప్పులు (ఈసీజీ గీతల ముక్కలు) చూడకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పను. కానీ మీరు రాసినదాన్ని బట్టి రెండు విషయాలు గట్టిగా చెప్పగలను. ఒకటి, 192 అనే అంకె ఒక్కటే మిమ్మల్ని భయపెట్టకూడదు. రెండు, రిపోర్టులో ఏమీ లేదన్నారు కదా అని విషయం అక్కడితో వదిలేయకూడదు. ఆ 24 గంటల్లో బాబుకి దడ రాలేదని మీరే రాశారు. దడ రాని రోజు తీసిన రికార్డు, దడ వచ్చినప్పుడు గుండె ఏం చేస్తోందో చెప్పలేదు.

ముందు 192 సంగతి. అది సాయంత్రం 5:40కి నమోదైంది, అప్పుడు వాడు మెట్ల మీద పరుగులు పెడుతున్నాడని డైరీలో రాశారు. ఏడేళ్ల పిల్లవాడు ఒళ్లు తెలియకుండా ఆడుతుంటే గుండె 180, 190, ఒక్కోసారి 200 దాకా వెళ్లడం ఆరోగ్యమైన గుండె చేసే పనే. పిల్లల గుండె చిన్నది, ఒక్కో బీటుకి పంపే రక్తం తక్కువ. శరీరానికి ఎక్కువ రక్తం కావాల్సి వచ్చినప్పుడు వేగం పెంచుకోవడమే దానికున్న ముఖ్యమైన దారి. మెలకువగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా పసిపాపల్లో నిమిషానికి 100 నుంచి 180, బడి వయసు పిల్లల్లో సుమారు 75 నుంచి 118, పదమూడు పద్నాలుగేళ్లు దాటాక పెద్దవాళ్లలాగే 60 నుంచి 100 ఉంటుంది.

ఆ 9 శాతం టాకీకార్డియా అన్నది ఇంకా తక్కువ విలువైన మాట. హోల్టర్ రికార్డుని ముందు చదివేది కంప్యూటర్ ప్రోగ్రాం. ఒక హద్దు పెట్టి, అది దాటిన ప్రతి నిమిషాన్నీ టాకీకార్డియా ఖాతాలో వేస్తుంది. ఆ హద్దు పెద్దవాళ్ల కోసం పెట్టినది అయితే, హుషారుగా తిరిగే ఏ పిల్లవాడి రిపోర్టులోనైనా ఆ శాతం బాగానే కనబడుతుంది. హద్దు ఎంత పెట్టారో రిపోర్టు మొదటి పేజీలోనో చివర్లోనో సాధారణంగా ఉంటుంది, ఒకసారి చూడండి.

నేనైతే హోల్టర్ రిపోర్టు చేతికి రాగానే గరిష్ఠ వేగం జోలికి వెళ్లను. రాత్రి నిద్రలో వేగం ఎంతకి దిగిందో చూస్తాను. మీ బాబు వయసు పిల్లలకి గాఢనిద్రలో 60 నుంచి 90 మధ్యకి దిగాలి, ఇంకా తక్కువైనా తప్పులేదు. మీరు రాసిన 58 చాలా మంచి అంకె. ఇది ఎందుకంత ముఖ్యమంటే, కొన్ని లయ సమస్యలు దడ పుట్టించకుండా, రోజంతా ఒక మోస్తరు వేగంతో నడుస్తూనే ఉంటాయి. గుండె పై గదుల్లో ఒక చోటు తనంతట తానే విద్యుత్తు పుట్టిస్తూ ఉండే ఎక్టోపిక్ ఏట్రియల్ టాకీకార్డియా అలాంటిది. పీజేఆర్‌టీ అనే ఇంకో రకం కూడా అంతే. వేగం 140, 150 దగ్గరే ఉండొచ్చు, పిల్లవాడికి అలవాటైపోయి ఏమీ చెప్పడు. వారాలు, నెలలు గడిచాక గుండె కండరమే అలసిపోయి ఎకోలో (గుండె స్కాన్‌లో) పంపింగ్ తగ్గి కనబడుతుంది. గుండె బలహీనమైంది కాబట్టి వేగంగా కొట్టుకుంటోందని అనుకుంటారు, నిజానికి వేగమే ఆ బలహీనతకి కారణం. లయని సరిచేస్తే చాలామంది పిల్లల్లో గుండె మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. ఈ జబ్బుని పట్టించేది నిద్రలో దిగని వేగమే. గరిష్ఠం 170 ఉండి నిద్రలో 135 దగ్గర ఆగిపోయిన రిపోర్టు, గరిష్ఠం 200 ఉండి నిద్రలో 60కి దిగిన రిపోర్టు కంటే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. గుండె వేగంగా కొట్టుకోవడంలో తేల్చాల్సింది ఎంత వేగం అన్నది కాదు. ఎలా మొదలైంది, ఎలా ఆగింది అన్నది. ఆటవల్లో జ్వరంవల్లో ఏడుపువల్లో వచ్చే వేగాన్ని సైనస్ టాకీకార్డియా అంటాం. గుండెలో సహజంగా లయ పుట్టే చోటే శరీరం అడిగినంత వేగం పెంచుతుంది. అది 100, 115, 130, 150 అంటూ ఎక్కుతుంది, కాసేపు అటూఇటూ ఊగుతుంది, పిల్లవాడు కూర్చుంటే అలాగే మెల్లగా దిగుతుంది. ఎస్‌వీటీ అలా కాదు. స్విచ్ వేసినట్టు మొదలవుతుంది, ఒక బీటు 90 వేగంలో ఉంటే తర్వాతి బీట్లు 210లో ఉంటాయి. మొదలయ్యాక 210 అంటే 210 దగ్గరే దాదాపు కదలకుండా నడుస్తుంది, పిల్లవాడు పడుకున్నా లేచినా పెద్ద తేడా ఉండదు. ఆగడం కూడా ఒక్కసారిగానే.

దీనికి కారణం గుండె లోపల ఉండే దారి. మామూలుగా పై గదుల నుంచి కింది గదులకి విద్యుత్తు వెళ్లడానికి ఏవీ నోడ్ అనే ఒకే ఒక్క ద్వారం ఉంటుంది. కొందరు పిల్లలకి పుట్టుకతోనే ఇంకో సన్నని కండరపు పోగు రెండో దారిగా మిగిలిపోతుంది. ఒక బీటు సరైన సమయానికి కాకుండా కాస్త ముందుగా వస్తే, విద్యుత్తు ఒక దారిలో కిందికి దిగి రెండో దారిలో పైకి ఎక్కి, మళ్లీ మొదటి దారిలోకి దిగి, అక్కడక్కడే తిరగడం మొదలుపెడుతుంది. తిరుగుతున్నంతసేపూ వేగం ఒకేలా ఉంటుంది. ఆ తిరుగుడు ఒక్కచోట తెగితే క్షణంలో ఆగిపోతుంది. పసిపిల్లల్లో ఈ అదనపు దారి వల్ల వచ్చేదే ఎక్కువ. పెద్దపిల్లల్లో, టీనేజర్లలో ఏవీ నోడ్ దగ్గరే రెండు దారులు ఉండి వచ్చే రకం పెరుగుతుంది. పిల్లల్లో చికిత్స అవసరమయ్యే లయ సమస్యల్లో ఎక్కువగా చూసేది ఎస్‌వీటీనే. 250 మందిలో ఒకరి నుంచి 1000 మందిలో ఒకరి దాకా ఉంటుందని అంచనా, అంటే పెద్ద బడి అయితే అందులో ఒకరిద్దరు ఉండొచ్చు.

అందుకే నిరంతర రికార్డింగుకి అంత విలువ. క్లినిక్‌లో తీసే ఈసీజీ 10 సెకన్ల ముక్క. ఆ 10 సెకన్లలో 150 వేగం కనబడితే అది జ్వరమో భయమో లయ సమస్యో చెప్పడం ఒక్కోసారి అనుభవమున్న వాళ్లకే కష్టం. అదే రికార్డు పొడుగునా ఉంటే, వేగం గంటగంటకీ ఎలా మారిందో చూపించే ట్రెండ్ గ్రాఫ్ ఒక్కటి చూస్తే చాలాసార్లు సగం జవాబు దొరుకుతుంది. గీత కొండలా ఎక్కి దిగిందా, లేక గోడలా నిటారుగా లేచి, పైన చదునుగా నడిచి, మళ్లీ నిటారుగా పడిందా. మీ బాబు గ్రాఫ్‌లో 5:40 దగ్గర గీత ఎలా ఉందో మీ డాక్టర్‌ని అడిగి చూపించుకోండి. మెల్లగా ఎక్కి మెల్లగా దిగి ఉంటే ఆ 192 ఆటదే.

ఆ 5 బీట్ల విషయం. అదనపు బీట్లు అప్పుడప్పుడూ ఒకటి రెండు రావడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల హోల్టర్లలో తరచూ చూస్తాం. వరసగా 5 రావడం కొంచెం తక్కువగా కనబడుతుంది, కానీ దానంతట అది జబ్బు కాదు, మందు అక్కర్లేదు. అయితే దడ అంటున్న పిల్లవాడిలో అది కనబడితే నేను దాన్ని పక్కకి తోసెయ్యను. ఆ స్ట్రిప్పుని స్వయంగా చూస్తాను. ఎలా మొదలైంది, బీట్లు సన్నగా ఉన్నాయా వెడల్పుగా ఉన్నాయా, ముందు పీ తరంగం (పై గదుల విద్యుత్తుని చూపించే చిన్న గీత) ఉందా అని. ఎందుకంటే కంప్యూటర్ ఎస్‌వీటీ అని పేరు పెట్టినవాటిలో ఒట్టి కదలికల గీతలు కూడా ఉంటాయి.

మీ బాబు మాటల్లోనే చాలా సమాచారం ఉంది, దాన్ని ఓపిగ్గా బయటికి తీయాలి. ఈ వయసు పిల్లలు దడని దడ అని చెప్పరు. గుండె నొప్పి అంటారు, కడుపులో ఏదోలా ఉందంటారు, మెడలో ఏదో కొట్టుకుంటోందంటారు, కొందరు ఆట మధ్యలో వచ్చి ఊరికే ఒళ్లో కూర్చుంటారు. ఈసారి వచ్చినప్పుడు "భయంగా ఉందా నాన్నా" అని అడగకండి, భయం లేని పిల్లవాడికీ పుడుతుంది. వేలితో బల్ల మీద కొట్టి చూపించమనండి, గుండె ఎలా కొట్టుకుంటోందో. లెక్కపెట్టలేనంత వేగంగా, సమంగా కొట్టి చూపిస్తే అది నాకు చాలా పెద్ద ఆధారం. ఒక్క బీటు గట్టిగా తగిలి ఆగినట్టు చూపిస్తే అది బహుశా అదనపు బీటు. ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపుంది, ఆగినప్పుడు తనకి తెలిసిందా అని అడగండి. "ఇప్పుడు ఆగిపోయింది" అని పిల్లవాడు ఫలానా క్షణం చెప్పగలిగితే అనుమానం ఎస్‌వీటీ వైపు మొగ్గుతుంది.

ఇక ఏ పరికరం, ఎన్నాళ్లు. ఈ పద్ధతిని కనిపెట్టింది నార్మన్ హోల్టర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. 1940ల చివర్లో ఆయన తయారుచేసిన మొదటి పరికరం వీపుకి తగిలించుకునే పెద్ద బరువు, సుమారు 38 కిలోలు. ఇప్పుడది అరచేతిలో పట్టేంత చిన్నదైంది. కానీ ఎంత మంచి పరికరమైనా ఎపిసోడ్ వచ్చినప్పుడు ఒంటి మీద ఉండాలి కదా. రోజూ వచ్చే దడకి 24 లేక 48 గంటల హోల్టర్ సరిపోతుంది. మీ బాబులా వారం పది రోజులకోసారి వచ్చేదానికి సరిపోదు. రెండు వారాల దాకా ఛాతీకి అతికించి ఉంచే ప్యాచ్, లేదా రెండు నుంచి నాలుగు వారాలు దగ్గరుంచుకునే ఈవెంట్ రికార్డర్ కావాలి. ఈవెంట్ రికార్డర్లలో లూప్ రకం అయితే, బటన్ నొక్కడానికి ముందు కొంతసేపటి రికార్డుని కూడా దాచుకుంటుంది. అది మంచిది, మొదలైన క్షణం అందులో దొరుకుతుంది. నెలలకోసారి స్పృహ తప్పే పిల్లలకైతే చర్మం కింద పెట్టే చిన్న లూప్ రికార్డర్ ఉంది, అది రెండు మూడేళ్లు పనిచేస్తుంది. మీ బాబుకి ఇప్పుడు ఆ అవసరం నాకు కనబడటం లేదు.

పరికరం పెట్టిన రోజుల్లో దయచేసి పిల్లవాడిని కూర్చోబెట్టకండి. వైర్లు ఊడతాయని, పరికరం పాడవుతుందని చాలా ఇళ్లలో పిల్లల్ని ఆ రోజు బడి మాన్పించి టీవీ ముందు కూర్చోబెడతారు. అప్పుడు వచ్చేది కూర్చున్న పిల్లవాడి రికార్డు. నీళ్లలో తడపకుండా ఉంటే చాలు, మిగతా అన్నీ మామూలుగా చెయ్యనివ్వండి. ముఖ్యంగా ఏ పని చేస్తే దడ వస్తుందో ఆ పని. డైరీలో సమయం కచ్చితంగా రాయండి, పరికరంలోని గడియారం ఫోన్ గడియారంతో కలిసి ఉందో లేదో పెట్టినప్పుడే చూసుకోండి. బటన్ నొక్కడం బడిలో టీచర్‌కి కూడా చూపించండి. ఇంకో మాట. దడ అని బటన్ నొక్కినప్పుడు రికార్డులో మామూలు సైనస్ లయ కనబడితే పరీక్ష వృథా అయిందని చాలామంది నిరుత్సాహపడతారు. నా దృష్టిలో అది అన్నిటికంటే మంచి ఫలితాల్లో ఒకటి. ఆ దడకి కారణం లయ సమస్య కాదని చేతిలో రుజువు ఉన్నట్టే.

స్మార్ట్ వాచ్ గురించి. వాచ్ వెనక ఉండే పచ్చలైటు చర్మం కింద రక్తం కదలికని చూసి వేగం అంచనా వేస్తుంది, గుండె విద్యుత్తుని చూడదు. సన్నని మణికట్టు మీద వదులుగా ఉన్న వాచ్, పైగా చెయ్యి ఊపుతూ పరిగెత్తే పిల్లవాడు. అందులో వచ్చే అంకెల్ని నేను నమ్మను. కొన్ని వాచీల్లో వేలు పెట్టి తీసే ఒక్క లీడు ఈసీజీ ఉంది, అది వేరే సంగతి. ఆపిల్ వాచ్ ఈసీజీ యాప్ 22 ఏళ్లు దాటినవాళ్ల కోసమని ఆ కంపెనీయే చెబుతుంది, అది ఇచ్చే తీర్పు పిల్లలకి వర్తించదు. కానీ దడ ఉన్నప్పుడు అలా తీసిన 30 సెకన్ల స్ట్రిప్పుని తల్లిదండ్రులు తెచ్చి చూపిస్తే నేను సంతోషంగా చూస్తాను. యాప్ ఏమందో పట్టించుకోను, గీతలు చూస్తాను. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఉంటే దడ వచ్చినప్పుడు వాడండి. దీనికోసమే కొనక్కర్లేదు, రోజంతా పిల్లవాడి చేతికి పెట్టి ఐదు నిమిషాలకోసారి అంకె చూడటం అసలే వద్దు. మీకు టెన్షన్, మీ ముఖం చూసి వాడికి టెన్షన్. ఆ టెన్షన్‌తో కూడా వేగం పెరుగుతుంది.

వార్డులో మానిటర్ మోగిన రాత్రి గురించి మీరు రాసినది చదివితే మీరు ఎంత నలిగిపోయారో అర్థమైంది. జ్వరం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి గుండె వేగాన్ని సుమారు 10 బీట్లు పెంచుతుంది. ఒంట్లో నీరు తగ్గితే పెరుగుతుంది, ఆయాసానికి పెట్టే సాల్బ్యుటమాల్ నెబ్యులైజేషన్‌తో బాగా పెరుగుతుంది. రక్తహీనత, నొప్పి, థైరాయిడ్ ఎక్కువ కావడం, కొన్ని జలుబు మందులు కూడా అంతే. అలారం హద్దు పిల్లవాడి వయసుకి మార్చకుండా వదిలేస్తే ఇక రాత్రంతా మోత తప్పదు. దానికి తోడు మానిటర్ పొరబడే తీరులు కొన్ని ఉన్నాయి. పిల్లల ఈసీజీలో టీ తరంగం ఎత్తుగా ఉంటే దాన్నీ ఒక బీటుగా లెక్కేసి 95ని 190గా చూపిస్తుంది. పాపని భుజాన వేసుకుని వీపు తడుతుంటే ఆ తట్టు స్క్రీన్ మీద అచ్చం కింది గదుల నుంచి పుట్టే వెంట్రిక్యులర్ టాకీకార్డియాలా కనబడుతుంది. పళ్లు తోముకున్నా, వెక్కిళ్లు వచ్చినా, ఎలక్ట్రోడ్ ఎండిపోయినా ఇలాంటివే. నిజమో కాదో తేల్చడానికి నర్సులు చేసే పని సులువైనది. ముందు పిల్లవాడిని చూస్తారు, తర్వాత వేలికి పెట్టిన ఆక్సిజన్ ప్రోబ్ తరంగాన్ని చూస్తారు. ఈసీజీ 190 అంటుంటే వేలి దగ్గర నాడి 95 నిదానంగా నడుస్తుంటే చాలావరకు ఈసీజీ లెక్కే తప్పు. పిల్లవాడు తేటగా ఆడుకుంటూ వేలి తరంగం సమంగా ఉంటే స్క్రీన్ మీది గందరగోళం చాలావరకు వైర్లదే.

అలాగని అలారాల్ని తేలిగ్గా తీసుకోమని నేను ఎప్పుడూ చెప్పను. తప్పుడు మోతలు విని విని నిజమైనది వచ్చినప్పుడు చెవికి ఎక్కకపోవడం ఐసీయూల్లో అందరం భయపడే ప్రమాదం. అందుకే హద్దులు వయసుకి తగ్గట్టు పెట్టడం, ఎలక్ట్రోడ్లు మార్చడం చిన్న పనులుగా కనబడినా ప్రాణం కాపాడే పనులు. జ్వరం దిగినా, నీళ్లు ఎక్కించినా వేగం దిగకపోతే, జ్వరానికి పొంతన లేనంత ఎక్కువగా ఉంటే, గుండె కండరానికి వాపు వచ్చే మయోకార్డైటిస్‌ని గుర్తుపెట్టుకోవాలి. మీ బాబుకి జ్వరంతోపాటే వేగం దిగిపోయిందని రాశారు, కాబట్టి ఆ రాత్రిని ఇక మనసులోంచి తీసేయొచ్చు.

ఇక్కడ కాస్త ఆగి, నేను నిజంగా భయపడే రకాల గురించి చెప్పాలి. ఇవి అరుదు, కానీ తల్లిదండ్రులు గుర్తుపట్టగలిగినవి. పరిగెడుతూ ఉండగా స్పృహ తప్పడం. ఈత కొడుతూ మునిగిపోబోవడం. అలారం గడియారమో ఫోనో మోగగానే ఉలిక్కిపడి పడిపోవడం. బాగా కోపమో ఏడుపో వచ్చి కుప్పకూలడం. వీటిలో ఏది జరిగినా నీరసం అనో, ఎండ అనో, మూర్ఛ అనో సరిపెట్టుకోకుండా గుండె డాక్టర్‌కి చూపించాలి. లాంగ్ క్యూటీ అనే జన్యు సమస్యలో ఈసీజీలో క్యూటీ అనే దూరం, అంటే ఒక బీటుకి కింది గదుల విద్యుత్తు మొదలై ముగియడానికి పట్టే సమయం, పెరిగి ఉంటుంది. ఒక రకంలో పరుగు, ఈత ప్రమాదం, ఇంకో రకంలో ఉలికిపాటు, మరో రకంలో నిద్ర. సీపీవీటీ అనే ఇంకో జన్యు సమస్యలో అయితే మామూలుగా తీసిన ఈసీజీ, ఎకో రెండూ పూర్తిగా నార్మల్‌గా ఉంటాయి. ఆడ్రినలిన్ పెరిగినప్పుడే, అంటే పరుగులోనో ఉద్వేగంలోనో, కింది గదుల నుంచి వెడల్పాటి బీట్లు వరసగా వస్తాయి. దాన్ని పట్టుకునేది ట్రెడ్‌మిల్ పరీక్ష, లేదా పిల్లవాడు పరిగెత్తిన రోజు తీసిన హోల్టర్. కూర్చోబెట్టి తీసిన హోల్టర్ వద్దని అంతగా చెప్పడానికి ఇది కూడా కారణం. కుటుంబంలో 40 ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే, నీళ్లలో మునిగి చనిపోయినా, కారణం తెలియని రోడ్డు ప్రమాదమైనా, డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మీ బాబుకి వీటిలో ఏదీ లేదన్నారు. అది నాకు రిపోర్టు కంటే ఎక్కువ ధైర్యం ఇచ్చిన మాట.

చిన్న పాప సంగతి. అన్నకి దడ ఉంటే చెల్లికీ వస్తుందని అనుకోనక్కర్లేదు, ఎస్‌వీటీ ఎక్కువగా కుటుంబంలో నడిచేది కాదు. కానీ పసిపిల్లల్లో ఎలా కనబడుతుందో ప్రతి తల్లికీ తెలిసి ఉండటం మంచిది. పాప చెప్పలేదు. పాలు తాగడం తగ్గుతుంది, తాగుతూ ఆపేసి ఆయాసపడుతుంది, నుదుటి మీద చెమటలు పడతాయి, రంగు పాలిపోతుంది, ఊరికే చిరాకుపడుతుంది లేదా మరీ మత్తుగా ఉంటుంది. ఆ సమయంలో గుండె 220 పైన, కొన్నిసార్లు 280 దాకా కొట్టుకుంటుంటుంది, ఛాతీ మీద చెయ్యి పెడితే లెక్కపెట్టడం కుదరదు. కొన్ని గంటలు తట్టుకుంటారు, ఒకటి రెండు రోజులు అలాగే సాగితే గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరే స్థితి వస్తుంది. కాబట్టి ఈ లక్షణాలుంటే తెల్లారేదాకా ఆగకండి. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే, పసితనంలో మొదలైన ఎస్‌వీటీ చాలామందిలో మొదటి పుట్టినరోజు నాటికి ఆగిపోతుంది. కొందరిలో ఏళ్ల తర్వాత మళ్లీ రావచ్చు.

మీ బాబుకి మళ్లీ దడ వస్తే ఏం చెయ్యాలి. తెలివిగా, మాట్లాడుతూ ఉంటే కూర్చోబెట్టండి, టైము చూడండి, మెడ దగ్గర కొట్టుకోవడం కనబడుతుంటే ఫోన్‌లో వీడియో తీయండి. పడుకోబెట్టి, బొటనవేలు పెదాలకి ఆనించి గాలి బయటికి పోకుండా 15 సెకన్లు గట్టిగా ఊదమనండి. ఇలా చేస్తే వేగస్ నరం ఏవీ నోడ్‌ని కాసేపు నెమ్మదింపజేస్తుంది, ఎస్‌వీటీ అయితే కొన్నిసార్లు అక్కడే తెగుతుంది. కళ్ల మీద నొక్కడం, మెడ నరం నొక్కడం పిల్లలకి చెయ్యకండి. పసిపిల్లలకి ముఖం మీద ఐస్ సంచి పెట్టే పద్ధతి ఉంది, అది డాక్టర్ దగ్గరుండి నేర్పితే తప్ప ఇంట్లో ప్రయత్నించవద్దు, ముక్కూ నోరూ మూసుకుపోయే ప్రమాదం ఉంది. 15, 20 నిమిషాల్లో ఆగకపోతే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. స్పృహ తప్పినా, పాలిపోయినా, ఛాతీ నొప్పితో మెలికలు తిరిగినా ఆ నిమిషాల కోసం కూడా ఎదురు చూడకండి.

ఆసుపత్రిలో ఒక్క మాట అడగండి: ఆపే ముందు 12 లీడ్ల ఈసీజీ తీయమని, ఆపుతున్నప్పుడు స్ట్రిప్ నడుస్తూ ఉండాలని. అడెనోసిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. రక్తంలో దాని ప్రభావం 10 సెకన్లలోపే సగానికి పైగా పోతుంది, అందుకే పెద్ద నరంలోకి వేగంగా ఇచ్చి వెంటనే సెలైన్ తోస్తారు. ఆ కొద్ది సెకన్లలో గుండె ఎలా ఆగి మళ్లీ మొదలైందో చూస్తే ఏ రకం టాకీకార్డియానో చాలాసార్లు తేలిపోతుంది. స్ట్రిప్ నడపకుండా ఇంజెక్షన్ ఇచ్చేస్తే పిల్లవాడు బాగుపడతాడు కానీ రోగం పేరు మళ్లీ తెలియకుండానే మిగిలిపోతుంది. పరిస్థితి బాగా దిగజారి ఉంటే మాత్రం ఈసీజీ కోసం ఆగరు, చిన్న షాక్ ఇచ్చి లయని సరిచేస్తారు, అది సరైన పనే.

ఒకవేళ ఎస్‌వీటీ అనే తేలినా అది భయపడే పేరు కాదు. అరుదుగా వచ్చి తనంతట తాను ఆగిపోయేదైతే మందు లేకుండా కూడా చూస్తాం. తరచూ వస్తుంటే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఇస్తాం. పెద్దయ్యాక, సాధారణంగా 15 కిలోల బరువు దాటాక, తొడ నరం ద్వారా తీగ పంపి ఆ అదనపు దారిని వేడితోనో చలితోనో మూసేసే అబ్లేషన్ ఉంది. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దానితో జబ్బు నుంచి బయటపడతారు. దారి ఏవీ నోడ్‌కి మరీ దగ్గరగా ఉంటే చలి పద్ధతి ఎంచుకుంటాం, నోడ్ దెబ్బతినే అవకాశం తక్కువ కాబట్టి.

మీరిప్పుడు చెయ్యాల్సింది ఇది. ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసిన బాబు 12 లీడ్ల ఈసీజీని పిల్లల గుండె డాక్టర్‌కి చూపించి, డెల్టా తరంగం (బీటు గీత మొదట్లో కనబడే చిన్న వాలు) ఉందా, క్యూటీ ఎంత అని రెండు ప్రశ్నలు అడగండి. డెల్టా తరంగం ఉంటే దాన్ని డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు, 1930లో దాన్ని వర్ణించిన వోల్ఫ్, పార్కిన్‌సన్, వైట్ అనే ముగ్గురు డాక్టర్ల పేర్ల మీద వచ్చిన పేరు. అదుంటే అదనపు దారి ఉన్నట్టే, కొన్ని మందులు వాడకూడదు, పరీక్షల వరస కూడా మారుతుంది. ఎకో ఒకసారి చేయించండి. హోల్టర్ రికార్డు మొత్తాన్నీ చూపించే ఫుల్ డిస్‌క్లోజర్ పేజీల్లో ఆ 5 బీట్ల స్ట్రిప్, 5:40 నాటి ట్రెండ్ గ్రాఫ్ కాపీలు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. తర్వాత రెండు నుంచి నాలుగు వారాల ఈవెంట్ రికార్డర్ గురించి అడగండి. ఈలోగా వాడిని ఆటలు మాన్పించవద్దు, స్పృహ తప్పలేదు, పరుగులో ఇబ్బంది లేదు, ఆపడానికి నాకు కారణం కనబడటం లేదు. రికార్డర్‌లో దడ పడిన రోజు ఆ స్ట్రిప్ గీతలు, అప్పుడు వాడు ఏం చేస్తున్నాడో ఇక్కడ రాయండి, చూసి నాకు తోచింది చెబుతాను.